బడిని ఎంచుకునేది ఎవరు?

జూన్ రెండో వారం రాగానే రాజీవ్ రహదారి మీద తూంకుంట నుంచి తుర్కపల్లి దాకా పసుపు రంగు బస్సులు బారులు తీరుతాయి. నాగపూర్ రహదారి మీద సుచిత్ర చౌరస్తా నుంచి మేడ్చల్ దాకా అదే వరస. ఆ రోజుల్లోనే సర్కారు బడి టీచర్లు ‘బడిబాట’ కరపత్రాలు పట్టుకుని గడప గడపకూ తిరుగుతుంటారు. పిల్లవాడిని ఊరు దాటించే బస్సు వాకిట్లో ఆగుతుంది. ఊళ్లో బడికే పంపమని అడిగే టీచరు అదే వాకిట్లో నిలబడతారు. ఎటు పంపాలన్నది తల్లిదండ్రుల ఇష్టమని అందరూ అంటారు. ఆ ఇష్టానికి నిజంగా ఎంత స్వేచ్ఛ ఉంది? దానివల్ల ఇంటికి ఏం ఒరుగుతోంది? వదిలి వచ్చిన సర్కారు బడి ఏమవుతోంది? ఈ మూడు ప్రశ్నల మీద ఎన్నో దేశాల్లో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. ఆ వాదనకు చాలా విలువైన సాక్ష్యం ఒకటి మన తెలుగు పల్లెల నుంచే అందింది. దాన్ని, మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో కళ్లెదుట కనిపిస్తున్న పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకే ఊరు, ఎన్నో బడులు

2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపడి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతం రూపం అంతకు చాలా ముందే మారడం మొదలైంది. 1990ల చివర్లో జీనోమ్ వ్యాలీకి పునాది పడింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటకు వచ్చింది. 2008లో బిట్స్ పిలానీ తన హైదరాబాద్ ప్రాంగణం తెరిచింది. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక భూముల ధరలు ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు మారాయి. ద్రాక్ష తోటలు, కూరగాయల మడులు ఉన్న చోట వెంచర్లు, గేటెడ్ కాలనీలు, మందుల కంపెనీలు లేచాయి. భూమి అమ్ముకున్న రైతు, కంపెనీలో షిఫ్టు చేసే కార్మికుడు, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన వలస కూలీ, విల్లాలో ఉండే ఇంజనీరు ఇప్పుడు ఇరుగుపొరుగువారు. వాళ్ల పిల్లలు మాత్రం ఒకే బడిలో కలవడం లేదు.

ఇక్కడ బడులకు కొదవ లేదు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు ఊరూరా ఉన్నాయి. సర్కారు డబ్బుతోనే నడిచే మరో వరస కూడా ఉంది. కస్తూర్బా బాలికా విద్యాలయాలు, మోడల్ స్కూళ్లు, ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టే గురుకులాలు ఆ కోవలోవి. హకీంపేటలో ఆటల్లో చురుకైన పిల్లలను ఏరి తీసుకునే క్రీడా పాఠశాల, కేంద్ర ఉద్యోగుల పిల్లలకు ముందు వరస ఇచ్చే కేంద్రీయ విద్యాలయం ఉన్నాయి. ప్రైవేటులోనూ అంతస్తులున్నాయి. అద్దె భవనంలో నడిచే చిన్న ఇంగ్లిషు మీడియం బడి ఒకటి. టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్ అన్న తోకలతో వచ్చే కార్పొరేట్ శాఖలు మరొకటి. ఆ పైన సీబీఎస్‌ఈ బడులు, కొంపల్లి చుట్టుపక్కల అంతర్జాతీయ సిలబస్ చెప్పే బడులు. రాష్ట్రంలో ఇప్పటికే సగానికి పైగా పిల్లలు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. నగరాన్ని ఆనుకుని ఉన్న ఈ జిల్లాలో ఆ మొగ్గు మరీ ఎక్కువ.

ఇన్ని తలుపులు ఉన్నాయి కాబట్టి ఎంపిక పుష్కలంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రతి తలుపు దగ్గరా ఒక కాపలా ఉందన్నది దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది. ఒకచోట ఫీజు, ఒకచోట ప్రవేశ పరీక్ష, ఒకచోట తండ్రి ఉద్యోగం, ఇంకోచోట లాటరీ చీటీ. ఎవరినీ కాదనకుండా, ఏడాదిలో ఏ నెలలో వచ్చినా చేర్చుకోవలసినది ఊళ్లోని పరిషత్ బడి ఒక్కటే. మిగతా బడులన్నీ తమకు కావలసినవారిని తీసుకున్నాక మిగిలినవారు ఆ బడికి చేరతారు. ఆ తర్వాత ఫలితాలు పక్కపక్కన పెట్టి సర్కారు బడి వెనకబడిందని తీర్పు చెబుతాం. ఈ పోలికలోనే అన్యాయం ఉంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

1964–66 మధ్య పనిచేసిన కొఠారీ కమిషన్ దేశానికి ఉమ్మడి బడుల వ్యవస్థను సూచించింది. పేదా గొప్పా తేడా లేకుండా ఒక ప్రాంతంలోని పిల్లలంతా ఇరుగుపొరుగు బడిలో కలిసి చదవాలన్నది దాని సారం. ఆ సిఫారసు ఎక్కడా పూర్తిగా అమలు కాలేదు. మన రాష్ట్రం మరో దారి పట్టింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. పేద ఇంటి ప్రతిభావంతుడికి అది నిజంగా ఒక వరం. ఇవాళ తెలంగాణలో గురుకులాలు వెయ్యికి పైగా ఉన్నాయి. దళిత, గిరిజన, వెనకబడిన, మైనారిటీ కుటుంబాల్లో మొదటి తరం డాక్టర్లు, ఇంజనీర్లు ఎందరో వాటి నుంచే వచ్చారు. ఆ మేలును తక్కువ చేయలేం. అయితే చురుకైన పిల్లలు, పట్టుదల ఉన్న తల్లిదండ్రులు నాలుగో తరగతితోనే ఊరి బడిని వదిలి వెళ్లడం కూడా వాటివల్లే మామూలైంది.

1980ల తర్వాత ప్రైవేటు ఇంగ్లిషు మీడియం ఊళ్లకు పాకింది. వాటికి కళ్లెం వేయడానికి 1994లో వచ్చిన జీవో నంబర్ 1 లెక్క స్పష్టంగానే చెప్పింది. వసూలైన ఫీజులో యాజమాన్యం లాభం 5 శాతం దాటకూడదు, సగం జీతాలకే పోవాలి. కాగితం మీద ఆ నిబంధన బాగానే ఉంది. 2009లో ఫీజుల నియంత్రణకు తెచ్చిన జీవో 91 న్యాయస్థానంలో నిలవలేదు. తెలంగాణ వచ్చాక ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ 2017 చివర నివేదిక ఇచ్చింది. ఆకునూరి మురళి అధ్యక్షతన 2024లో ఏర్పడిన విద్యా కమిషన్ కూడా ఫీజుల నియంత్రణకు ప్రత్యేక వ్యవస్థ కావాలని సిఫారసు చేసింది. కమిటీ వెనక కమిటీ వచ్చింది, ఇంటి మీద పడే ఫీజు మాత్రం ఏటా పెరుగుతూ పోయింది.

ఈ చరిత్రలో ఒకదానికొకటి పోటీగా నిలిచే రెండు ఉదాహరణలు హైదరాబాద్ చుట్టుపక్కలవే. అప్పటి రంగారెడ్డి జిల్లాలో 1991 ప్రాంతం నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదన్న మాట తప్పని నిరూపించింది. చేరిన ప్రతి బిడ్డా సర్కారు బడికే వెళ్లాలని, బడి బాగుపడే బాధ్యత ఊరు తీసుకోవాలని పట్టుబట్టింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. దాదాపు అదే కాలంలో బ్రిటన్ పరిశోధకుడు జేమ్స్ టూలీ పాతబస్తీ బస్తీల్లో తిరిగి, రిక్షా కార్మికులు, చిరువ్యాపారులు సైతం తక్కువ ఫీజు ప్రైవేటు బడులకు పిల్లలను పంపుతున్నారని లోకానికి చాటాడు. గుర్తింపు కూడా లేని బడులు ఆ లెక్కలో మూడో వంతుకు పైగా తేలాయి. ఆయన పుస్తకం ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ 2009లో వచ్చింది. పేదలు ఎంచుకోగలరు, వాళ్లకు సర్కారు డబ్బు చేతికిస్తే చాలు అనే వాదానికి హైదరాబాద్ ఒక ఉదాహరణగా మారింది. ఒకే నగరం పరిసరాల నుంచి రెండు దారులు బయల్దేరాయి. ఒకటి బడిని బాగుచేసే దారి, రెండోది బడి మార్చుకునే దారి.

ఇంటి లెక్క

మేడ్చల్ పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికుడి ఇల్లు ఊహించుకుందాం. పాపకు మూడేళ్లు నిండాయి. ఊళ్లో అంగన్‌వాడీ ఉంది. పక్క వీధిలో ఎల్‌కేజీ ఉన్న ప్రైవేటు బడి కూడా ఉంది. సర్కారు బడిలో ఒకటో తరగతి రావాలంటే ఇంకా రెండు మూడేళ్లు ఆగాలి. తల్లి కూడా పనికి పోతుంది కాబట్టి పొద్దంతా పాపను చూసుకునే చోటు కావాలి, నాలుగు అక్షరాలు వస్తే ఇంకా మంచిది. ఎల్‌కేజీలో చేర్పిస్తారు. ఆరేళ్లు వచ్చేసరికి పాపకు ఆ బడి అలవాటవుతుంది, స్నేహితులు ఏర్పడతారు, టై, బెల్టు, డైరీ ఇంట్లో భాగమవుతాయి. ఇక వెనక్కి వచ్చే ప్రశ్నే లేదు. ప్రైవేటు, సర్కారు పోటీ ఒకటో తరగతిలో మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి అది మూడేళ్ల వయసులోనే ముగిసిపోతోంది. పూర్వ ప్రాథమిక తరగతులను సర్కారు బడుల్లో తెరవడం ఇటీవలే, అదీ కొన్ని చోట్లే మొదలైంది. సర్కారు బడి ఓటమికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

రెండో కారణం ఇంగ్లిషు. తెలంగాణ ప్రభుత్వం 2022–23 నుంచి 1 నుంచి 8 తరగతుల దాకా అన్ని సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం తెచ్చింది, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలు అచ్చువేసింది. అప్పటికే ఒక తరం తల్లిదండ్రుల మనసులో ప్రైవేటు అంటే ఇంగ్లిషు, సర్కారు అంటే తెలుగు అని పాతుకుపోయింది. మూడో కారణం నలుగురిలో మాట. సర్కారు బడికి పంపితే స్తోమత లేదనుకుంటారన్న భయం చిన్న జీతాల ఇళ్లను మరీ కుదిపేస్తుంది.

ఈ మూడింటికీ చెల్లించే ధర ఫీజుతో ఆగదు. బస్సు ఫీజు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫారాలు, బూట్లు, పరీక్షల ఫీజు, వార్షికోత్సవం చందా విడతలుగా వస్తూనే ఉంటాయి. జూన్‌లో చిట్టీ ఎత్తేవారు, బంగారం కుదువ పెట్టేవారు ఈ ఊళ్లలో కొత్త కాదు. ఉద్యోగం పోయినా, ఇంటి పెద్ద మంచాన పడ్డా మొదట తెగేది ఫీజు దారమే. ఏడాది మధ్యలో బాకీ పేరుకుపోతే కొన్ని యాజమాన్యాలు టీసీ ఇవ్వకుండా ఆపుతాయి. ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి డొనేషన్ అడగడం, పిల్లలకు, తల్లిదండ్రులకు పరీక్ష పెట్టడం నేరం.

ఎంపిక ఇంటి లోపల కూడా సమానంగా జరగదు. డబ్బు ఒక్కరికే సరిపడినప్పుడు కొడుకు బస్సెక్కుతాడు, కూతురు ఊరి బడికి నడుస్తుంది. దేశవ్యాప్తంగా పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వేలు ఈ తేడాను పదే పదే చూపాయి. సర్కారు బడిని బలహీనంగా వదిలేస్తే ఆ భారం ముందుగా ఆడపిల్లల మీద పడుతుంది.

మన పల్లెలు చెప్పిన సాక్ష్యం

ప్రైవేటు బడికి పంపితే చదువు నిజంగా బాగుపడుతుందా? మార్కులు పోల్చి దీనికి జవాబు చెప్పలేం. ఫీజు కట్టగల ఇంటికి చదువుకున్న తల్లి, ట్యూషన్, ప్రశాంతమైన గది కూడా ఉంటాయి కాబట్టి బడి గొప్పదనమేదో, ఇంటి గొప్పదనమేదో వేరు చేయడం కష్టం. ఆ చిక్కు విప్పడానికి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయోగం మొదలైంది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ అండతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని చేపట్టారు. ఐదు జిల్లాల్లో 180 గ్రామాలు తీసుకున్నారు. లాటరీతో కొన్ని గ్రామాలను, వాటిలో మళ్లీ లాటరీతోనే కొందరు సర్కారు బడి పిల్లలను ఎంచుకున్నారు. వాళ్లకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫారం ఖర్చు నాలుగేళ్లపాటు భరించారు. చీటీ తగిలినవారు, తగలనివారు అన్ని విధాలా ఒకే తరహా ఇళ్లవారు కాబట్టి తేడా ఏదైనా వస్తే అది బడి తేడాయే. ఫలితాలు 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చాయి.

నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల మధ్య తేడా లేదు. ప్రైవేటుకు వెళ్లినవారు స్పష్టంగా ముందున్నది హిందీలో. సర్కారు ప్రాథమిక బడుల్లో అప్పట్లో హిందీ చెప్పేవారు కాదు కాబట్టి ఆ ఆధిక్యం సహజమే. ప్రైవేటు బడులకు వెళ్లడం వల్ల ఎక్కువ మంది ఆశించే ఇంగ్లిషులో లాభం స్వల్పమే తప్ప గట్టిగా తేలలేదు. ప్రైవేటు పక్షాన నిలిచే ఫలితం కూడా ఉంది. ఒక్కో పిల్లవాడి మీద ఆ బడులు పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి కూడా అంతే ఫలితం సాధించాయి. టీచర్ల గైర్హాజరు అక్కడ తక్కువ. ఆ చౌకకు అసలు కారణం టీచర్లకు ఇచ్చే తక్కువ జీతాలు. ఇంకో సూచనా దొరికింది. ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడుల్లో చేరిన పిల్లలు ఇంగ్లిషు కాని సబ్జెక్టుల్లో, తెలుగు మీడియం ప్రైవేటు బడి పిల్లల కన్నా వెనకబడినట్టు కనిపించింది. ఇంట్లో ఎవరికీ రాని భాషలో మొదటి ఏళ్ల పాఠాలు చెబితే జరిగేది ఇదే. ఇప్పుడు సర్కారు బడులూ ఇంగ్లిషు మీడియానికి మారాయి కాబట్టి ఈ హెచ్చరిక వాటికీ వర్తిస్తుంది.

మిగిలిపోయిన పిల్లల మాటేమిటి? కొందరు ప్రైవేటుకు వెళ్లిపోయినందువల్ల సర్కారు బడిలో ఉన్నవారి చదువు పాడైనట్టుగానీ, బాగుపడినట్టుగానీ ఈ ప్రయోగంలో తేలలేదు. ఇది గౌరవించవలసిన ఫలితం. కానీ ఆ ప్రయోగంలో ఊరికి కొద్దిమందే వెళ్లారు, అదీ నాలుగేళ్లకే. సగానికి సగం ఖాళీ అయిన బడి ఏమవుతుందో దాని నుంచి తెలియదు. అందుకు మనం మన ఊళ్లనే చూడాలి.

సర్కారు డబ్బు పిల్లవాడి వెంట నడిస్తే

పిల్లవాడు ఏ బడికి వెళ్తే సర్కారు డబ్బు ఆ బడికి వెళ్లాలన్న ఆలోచన మన దగ్గర మూడు రూపాల్లో ఉంది.

మొదటిది తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లల కోసం నడుస్తున్న బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం. జిల్లాలో కలెక్టర్ ఆధ్వర్యంలో లక్కీ డ్రా తీస్తారు. పేరు వచ్చిన బిడ్డ ఎంపిక చేసిన ప్రైవేటు బడిలో చదువుతుంది, ఫీజు ప్రభుత్వం కడుతుంది. చీటీ తగిలిన ఇంటికి పండగే. తగలని వందల ఇళ్లకు ఊరి బడే దిక్కు. చెల్లింపులు ఆగి బకాయిలు పెరిగిన ఏళ్లలో యాజమాన్యాలు ఆందోళనకు దిగితే మధ్యలో నలిగింది ఆ పిల్లలే.

రెండోది విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) నిబంధన. ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి, ప్రభుత్వం ఖర్చు తిరిగి చెల్లించాలి. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. సుప్రీంకోర్టు 2012లో దాన్ని సమర్థించింది, 2014లో మైనారిటీ సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. అయినా తెలంగాణ ఏర్పడి పదేళ్లు నిండేదాకా రాష్ట్రం దీన్ని అమలు చేయలేదు, వ్యాజ్యాలు హైకోర్టు దాకా వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ ఆలస్యంగానైనా మొదలుపెట్టి, ఏడాదికి పట్టణాల్లో రూ.8,000, గ్రామాల్లో రూ.6,500, గిరిజన ప్రాంతాల్లో రూ.5,100 చొప్పున ఖరారు చేసింది. ఈ నిబంధనకు బలమైన సమర్థన ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి సంపన్నుల బడుల్లో పేద పిల్లలు చేరాక సంపన్న పిల్లల ప్రవర్తన ఎలా మారిందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించి 2019లో ప్రచురించాడు. వాళ్లలో ఉదారత పెరిగింది, పేద తోటివారిని చిన్నచూపు చూడటం తగ్గింది. చదువు మీద పడిన ప్రభావం స్వల్పం. కొంపల్లి విల్లా బిడ్డ, దేవరయాంజాల్ కూలీ బిడ్డ ఒకే బల్ల మీద కూర్చోవడం ఇద్దరికీ మేలేనని దీని అర్థం.

మూడోది ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 9న మొదలైన అమ్మ ఒడి, 2025లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం. సర్కారు బడైనా, ప్రైవేటు బడైనా తల్లి ఖాతాలో ఏడాదికి రూ.15,000 లెక్కన సాయం ప్రకటించారు, అందులో కొంత బడి నిర్వహణకు మినహాయించారు. పిల్లల చేతికి పనికి బదులు పలక అందించిన మేలు దీనికి ఉంది. కానీ ఫీజులకు హద్దు లేని చోట తల్లికి ఇచ్చిన సాయంలో ఎంత యాజమాన్యం గల్లాకు చేరుతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఈ పద్ధతిని తెలంగాణకు తేవడం మంచిది కాదు.

బయటి దేశాల అనుభవం

అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో రాసిన వ్యాసంలో బడి ఓచర్ల ఆలోచన ప్రతిపాదించాడు. దాన్ని దేశమంతటా అమలు చేసింది చిలీ, 1981లో, సైనిక పాలన కింద. ప్రైవేటు బడికైనా, మున్సిపల్ బడికైనా పిల్లవాడికి ఇంత చొప్పున ప్రభుత్వమే కట్టింది. మూడు దశాబ్దాల్లో మున్సిపల్ బడుల వాటా సగం కన్నా తక్కువకు పడిపోయింది. చాంగ్ తాయ్ షే, మిగేల్ ఉర్కియోలా 2006లో ప్రచురించిన అధ్యయనంలో దేశం మొత్తం మీద చదువు మెరుగైన జాడ దొరకలేదు. మెరుగైన పిల్లలు ప్రైవేటుకు, మిగిలినవారు మున్సిపల్ బడికి ఏరుకుపోవడం మాత్రం కనిపించింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పేద పిల్లలకు ఎక్కువ మొత్తం ఇచ్చే చట్టం 2008లో, సర్కారు డబ్బు తీసుకునే బడులు పిల్లలను ఏరుకోకుండా, అదనంగా ఫీజు గుంజకుండా ఆపే చట్టం 2015లో తెచ్చుకున్నారు. తొలినాళ్లలోనే షరతులు పెట్టుకోనందుకు చిలీ 30 ఏళ్లకు పైగా మూల్యం చెల్లించింది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఓచర్లతో ప్రైవేటుకు మారిన పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు కూడా.

మన తెలుగువారి అనుభవం ఇక్కడ ఒక పాఠం చెబుతుంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొనే తెలుగు కుటుంబం ముందు ఆ చిరునామాకు వచ్చే పబ్లిక్ స్కూల్ ఎలాంటిదో చూస్తుంది. పిల్లలు వెళ్లేది ప్రభుత్వం నడిపే బడికే. మంచి బడి ఉన్న చోట ఇళ్ల ధర ఎక్కువ కాబట్టి అక్కడా పేదకు అన్యాయం ఉంది. అయినా మనవాళ్లు అంత దూరంలో నమ్మేది ఇంటికి దగ్గరి సర్కారు బడినే అన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి. సర్కారు బడి అంటే మన జనానికి పడదన్న మాట నిజం కాదు, బాగుంటే పంపుతారు.

మిగిలిన బడి

ఊరి బడిలో పిల్లలు తగ్గే కొద్దీ ఒక చక్రం తిరుగుతుంది. సంఖ్య తగ్గితే హేతుబద్ధీకరణ పేరుతో టీచరు పోస్టు వేరే బడికి పోతుంది. ఐదు తరగతులకు ఇద్దరో ఒక్కరో మిగులుతారు. ఒకే గదిలో ఐదు తరగతులు చూసిన తల్లిదండ్రులు వచ్చే జూన్‌లో ప్రైవేటుకు మారుస్తారు, సంఖ్య మళ్లీ తగ్గుతుంది. కేంద్ర విద్యాశాఖ 2024–25 యూడైస్ లెక్కల్లో తెలంగాణలో ఒక్క విద్యార్థీ లేని బడులు 2,245. పశ్చిమ బెంగాల్ తర్వాత దేశంలో ఇదే పెద్ద సంఖ్య. ఒకే టీచరుతో నడుస్తున్నవి మరో ఐదు వేలు.

నగరం అంచున ఉన్న మండలాల కథ కొంచెం వేరు. ఇక్కడ ఊరి పాత కుటుంబాలు బస్సెక్కితే, ఖాళీ అయిన బల్లల మీదికి వలస కూలీల పిల్లలు వస్తున్నారు. వాళ్లలో కొందరికి తెలుగు రాదు, కొందరికి పత్రాలు లేవు, పని ముగియగానే కుటుంబం మరో చోటికి కదులుతుంది. ఈ పిల్లలకు చదువు చెప్పడం టీచరుకు అన్నింటికన్నా కష్టమైన పని, సర్కారు బడి చేస్తున్న అన్నింటికన్నా గొప్ప పని కూడా. కానీ వాళ్ల తల్లిదండ్రులకు ఇక్కడ ఓటు లేదు, స్థానిక నాయకులను నిలదీసే చనువు లేదు. సంస్థ నచ్చనప్పుడు మనిషి వెళ్లిపోవచ్చు లేదా లోపల ఉండి గొంతెత్తవచ్చని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లోనే రాశాడు. గొంతు ఉన్నవాళ్లు మొదట వెళ్లిపోతే లోపల అడిగేవాళ్లు ఉండరని హెచ్చరించాడు. నల్లా పాడైతే, మరుగుదొడ్డికి తలుపు లేకపోతే, లెక్కల సారు బదిలీ అయి ఏడాదైనా కొత్త సారు రాకపోతే ఎంఈవో దగ్గరికి వెళ్లి కూర్చునే తల్లిదండ్రులు ఆ బడిలో మిగలలేదు. ఊరి పిల్లలు చదవని బడి గురించి ఊరు అడగడం మానేస్తుంది. ఏ సర్వే పట్టికలోనూ ఎక్కని నష్టం ఇది.

2022 మార్చి 8న మొదలైన మన ఊరు – మన బడి పథకం 26,065 బడులను మూడేళ్లలో బాగుచేయడానికి రూ.7,289 కోట్లు ప్రకటించి, మొదటి విడతలో 9,123 బడులు తీసుకుంది. గోడలకు రంగులు, బల్లలు, కొత్త గదులు వచ్చిన చోట పిల్లల సంఖ్య పెరిగింది. టీచరు లేని చోట రంగు వెలిసినంత త్వరగా ఆశ కూడా వెలిసింది. కోవిడ్ కాలం కూడా ఇదే చెప్పింది. దేశంలో పల్లె పిల్లల్లో సర్కారు బడిలో చదివేవారి వాటా 2018లో 65.6 శాతం ఉండగా 2022లో 72.9 శాతానికి పెరిగింది. 2024కు మళ్లీ 66.8కి దిగింది. కష్టకాలంలో సర్కారు బడి తలుపు తట్టినవారిని నిలుపుకునే శక్తి ఆ బడికి లేకపోయింది.

ఎదుటి వాదనలో నిజం

బడి ఎంపికను సమర్థించేవారి మాటలో బలం ఉంది. పిల్లవాడికి చదువుకునే వయసు ఒక్కసారే వస్తుంది. సర్కారు బడి బాగుపడేదాకా ఆగమని ఒక తల్లికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. పిల్లల్ని కార్పొరేట్ బడికి పంపుతూ కూలీవాళ్లకు సర్కారు బడి నీతులు చెప్పే ఉద్యోగులు, నాయకులు, సర్కారు టీచర్లు ఉన్నారన్నది నిజం. ప్రైవేటు బడుల్లో వేల మంది టీచర్లు తక్కువ జీతానికి చిత్తశుద్ధితో పనిచేస్తున్నారన్నదీ నిజం. అందుకే బస్సెక్కించిన తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. వాళ్లు తమ బిడ్డ కోసం చేయగలిగింది చేశారు. వేల కుటుంబాలు విడివిడిగా తీసుకున్న సరైన నిర్ణయాలన్నీ కలిసి ఊరికి ఒక తప్పుగా మారుతున్నాయంటే, సరిదిద్దవలసింది ప్రభుత్వమే. అది ఏ ఒక్క ఇంటి వల్లా అయ్యే పని కాదు.

ఏం చేయాలి

సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే ఒక వరస తేలుతుంది. ముందుగా మూడేళ్ల పిల్లల కోసం ప్రతి ప్రాథమిక బడిలో పూర్వ ప్రాథమిక తరగతి, దానికి శిక్షణ పొందిన టీచరు, ఆయా ఉండాలి. పోటీ జరుగుతున్నది అక్కడే. రెండోది, పిల్లల సంఖ్య ఎంతైనా తరగతికొక టీచరు. సంఖ్య తగ్గిందని టీచరును తీసేస్తే బడిని మూసినట్టే. మూడోది, 25 శాతం సీట్ల నిబంధనను షరతులతో అమలు చేయాలి. లాటరీ బహిరంగంగా జరగాలి, యాజమాన్యాలకు డబ్బు సకాలంలో చేరాలి, అదనపు వసూళ్లు నిషేధించాలి. నాలుగోది, ఫీజుల నియంత్రణకు కోర్టులో నిలిచే చట్టం కావాలి. ఐదోది, గురుకులాల మీద ఏ శ్రద్ధ చూపుతున్నామో ఊరి బడి మీదా అదే చూపాలి. ఏరిన పిల్లలకే మంచి బడి అన్న పద్ధతి ప్రజాస్వామ్యానికి సరిపడదు. వలస పిల్లల కోసం ఒడియా, హిందీ తెలిసిన సహాయకులను మేడ్చల్, శామీర్‌పేట లాంటి మండలాలకు ప్రత్యేకంగా ఇవ్వాలి.

ఇంటికి కిలోమీటరు దూరంలో మంచి సర్కారు బడి ఉన్నప్పుడే ప్రైవేటుకు పంపడం నిజమైన ఎంపిక అవుతుంది. ఆ బడి లేని చోట తల్లిదండ్రులు ఎంచుకోవడం లేదు, తప్పించుకుంటున్నారు. తప్పించుకోవడానికి డబ్బు లేనివాళ్లను అక్కడే వదిలేస్తున్నాం. కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. మీ బిడ్డ ఏ బడిలో చదువుతున్నా సరే, మీ ఊళ్లో సర్కారు బడి మీది. వచ్చే గ్రామసభలోనో, వార్డు సభలోనో ఆ బడికి ఎంతమంది టీచర్లు ఉండాలో, ఎంతమంది ఉన్నారో అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.